జ్వరం తగ్గుతుంది, చదువు ఆగకూడదు

(కలిగిరిలో కళాశాల విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈ రోజు నాకు అప్పగించిన విషయం జలుబు, దగ్గు, జ్వరం. హక్కుల వేదిక మీద రొంప గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ రెంటికీ ఉన్న సంబంధమే నేను చెప్పదలచిన విషయం.

2007లో మన రాష్ట్రం చేసిన చట్టం వల్ల వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. దూదేకుల సోదరులకు బీసీ-బి కింద అవకాశం ఉంది. ఈ తలుపులు తెరుచుకోవడం వల్లనే ఉదయగిరి కొయ్యపనివారి ఇళ్ల నుంచి, వింజమూరు, కలిగిరి దర్జీల ఇళ్ల నుంచి, మెట్ట పొలాల్లో కూలికి వెళ్లే తల్లుల ఇళ్ల నుంచి పిల్లలు కావలికి, నెల్లూరుకు, విజయవాడకు చదువుకోడానికి వెళ్తున్నారు. చాలా ఇళ్లలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వీరే. ఇన్నేళ్ల పోరాటంతో దక్కిన సీటు, సరిగా చూసుకోని అయిదు రోజుల జ్వరం వల్ల చేజారిపోతే ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాసుకుందాం?

చేజారుతుందా అని అడగవచ్చు. లెక్క చూద్దాం. అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే, నిజమైన అనారోగ్యమని రుజువు చూపినప్పుడు కళాశాల మినహాయింపు ఇవ్వవచ్చు. 65 కంటే తగ్గితే ఏ కారణం చెప్పినా మినహాయింపు లేదు. బోధన రుసుము చెల్లింపు పథకానికి కూడా 75 శాతం హాజరే షరతు. ఒక సెమిస్టరులో 90 పనిదినాలు ఉన్నాయనుకుంటే, మన చేతిలో ఉన్న సెలవు 22 రోజులు. ఒక సెమిస్టరులో రెండుసార్లు ఫ్లూ వచ్చి, వచ్చినప్పుడల్లా అయిదేసి రోజులు విశ్రాంతి తీసుకున్నా పోయేది 10 రోజులే. కాబట్టి విశ్రాంతి వల్ల ఎవరి చదువూ చెడదు. మొదటి రెండు రోజులు దాచిపెట్టి, తరువాత వారం రోజులు తప్పుడు మందులు మింగి, చివరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేరి ఆసుపత్రిపాలైనప్పుడు చదువు చెడుతుంది. ఒక్క కాగితం కూడా దగ్గర పెట్టుకోకుండా ఇంటికి వచ్చి పడుకున్నప్పుడు చెడుతుంది.

ఈ జబ్బులు ఏమిటి?

జలుబును కలిగించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా అనే ఫ్లూ వేరు, కోవిడ్ వేరు. కానీ మూడూ సోకే దారి దాదాపు ఒకటే. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గరగా మాట్లాడినప్పుడు వెలువడే తుంపరల ద్వారా, గాలి ఆడని గదిలో పేరుకున్న శ్వాస ద్వారా, చీమిడి అంటిన చేతుల ద్వారా ఇవి వ్యాపిస్తాయి. వానలో తడిసినంత మాత్రాన వైరస్ పుట్టదు. వానకు, చలికి తలుపులు కిటికీలు బిగించుకొని నలుగురు ఉండవలసిన గదిలో ఎనిమిది మంది పడుకోవడం వల్ల అది ఒకరి నుంచి ఎనిమిది మందికి చేరుతుంది. హాస్టలు గది దానికి అనువైన నేల.

మన జిల్లాకు ప్రధాన వర్షకాలం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనం. ఆ కాలంలో వైరస్ జ్వరాలతో పాటు దోమల వల్ల డెంగ్యూ కూడా వస్తుంది. ఆ తరువాత జనవరి నుంచి మార్చి దాకా దేశంలో ఫ్లూ మరొకసారి పెరిగే కాలం. మన మెట్టలో పొగాకు బ్యారన్లలో కట్టెలు మండేది కూడా అప్పుడే. కొన్ని సంవత్సరాల్లో రమజాన్ కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తుంది. ఇంటర్మీడియెట్ పరీక్షలూ అప్పుడే. మంచు, పొగ, ఉపవాసం, పరీక్ష నాలుగూ ఒకేచోట కలిసే ఆ రెండు నెలల కోసమే మనం ముందుగా సిద్ధపడాలి.

ఫ్లూ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, పొడి దగ్గు మొదలవుతాయి. 2023 ఆరంభంలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ దేశమంతటా వ్యాపించినప్పుడు భారత వైద్య సంఘం మార్చి నెలలో ఒక ప్రకటన విడుదల చేసింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుందని, దగ్గు మాత్రం మూడు వారాల వరకు ఉండవచ్చని, అవసరం లేని యాంటీబయాటిక్‌లు వాడవద్దని దాని సారాంశం. ఈ గడువును గుర్తుపెట్టుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. అయిదవ రోజున జ్వరం లేకపోయినా దగ్గు ఉందంటే అది మందు పనిచేయకపోవడం కాదు. ఆ జబ్బు నడక అంతే.

ఏమి చేయాలి?

మొదటిది విశ్రాంతి. జ్వరం ఉన్న రెండు మూడు రోజులు తరగతికి వెళ్లవద్దు, ఆటస్థలానికి అసలే వెళ్లవద్దు. పారాసిటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచిన తరువాత తరగతికి వెళ్లండి. ఆ తరువాత కొన్ని రోజులు మాస్కు పెట్టుకోండి.

రెండవది ద్రవాహారం. నీళ్లు, గంజి, మజ్జిగ, రాగి జావ, పలుచని చారు, ఓ.ఆర్.ఎస్. ఏదైనా సరే, మూత్రం లేత రంగులో వచ్చేటంతగా తాగాలి. జ్వరానికి అన్నం పెట్టకూడదని లంఖణాలు చేయించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆకలి లేకపోతే బలవంతం చేయవద్దు గానీ, తినగలిగిన బిడ్డ చేతిలోంచి కంచం లాగవద్దు.

మూడవది పారాసిటమాల్. పెద్దవారికి 500 లేదా 650 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, ఆరు గంటల ఎడంతో వేసుకోవచ్చు. రోజుకు నాలుగు బిళ్లలు దాటవద్దు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మందుల షాపులో జలుబు బిళ్ల అని ఇచ్చే వాటిలో చాలా వాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అదీ ఇదీ రెండూ మింగితే మోతాదు రెట్టింపవుతుంది, భారం కాలేయం మీద పడుతుంది. అట్ట వెనుక రాసిన పేర్లు చదవండి. ఫార్మసీ చదివే పిల్లలు ఈ సభలో ఉన్నారు, మీ వీధివారికి అది చదివి పెట్టండి. కామెర్లు వచ్చి తగ్గినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి వేసుకోవాలి. వానకాలపు జ్వరంలో డెంగ్యూ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి బిళ్లలు వద్దు. అవి రక్తస్రావానికి దారితీయవచ్చు.

నాలుగవది ఇంటి వైద్యం. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం గొంతుకు హాయినిస్తుంది. రాత్రివేళ ఒక చెంచా తేనె దగ్గును కొంత నెమ్మదింపజేస్తుంది. మధుమేహం ఉన్నవారు దీనిని మానుకోవాలి. ఆవిరి పట్టడం వల్ల ముక్కు తెరిపిన పడినట్లు ఉంటుంది గానీ అది వైరస్‌ను చంపదు. హాస్టలు మంచం మీద మరిగే నీళ్ల గిన్నె పెట్టుకొని దుప్పటి కప్పుకుంటే ఒళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ. దానిని నేను సిఫారసు చేయను.

ఏమి చేయకూడదు?

రొంప పట్టిన మొదటి రోజే అజిత్రోమైసిన్ మూడు బిళ్లల అట్ట కొనడం మనకు అలవాటైపోయింది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది. వైరస్ మీద దానికి ఏ అధికారమూ లేదు. మూడు రోజులకు జ్వరం తనంతట తానే తగ్గితే, ఆ కీర్తి బిళ్ల ఖాతాలో పడుతుంది. రేపు నిజంగా నిమోనియా వచ్చినప్పుడు అదే బిళ్ల పనిచేయదు, ఎందుకంటే మన ఒంట్లోని బాక్టీరియా దానికి అప్పటికే అలవాటుపడి ఉంటుంది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి స్వీకరించిన సందర్భంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. వైద్యుని చీటీ లేకుండా వాడకూడని మందుల అట్ట మీద ఎడమవైపు నిలువుగా ఎర్రగీత ఉంటుంది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం ఈ ఎర్రగీత గురించి ప్రచారం చేస్తోంది. ఎర్రగీత కనిపిస్తే అడగండి, ఇది నాకు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని.

రెండవది సూది మోజు. సూది వేస్తేనే వైద్యం, సెలైన్ ఎక్కిస్తేనే బలం అనే నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. అర్ధరాత్రి తలుపు తడితే పలికే ఆర్.ఎం.పి.ల సేవను నేను తక్కువ చేయడం లేదు. కానీ డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ సూదితో జ్వరం ఒక పూటలో దిగిపోవడాన్ని ఆరోగ్యం అనుకోవద్దు. అది జబ్బును మూసిపెట్టడం. 2021లో కోవిడ్ తరువాత బ్లాక్ ఫంగస్‌కు ఎందరు బలయ్యారో మనం చూశాము. అదుపులేని మధుమేహం, అవసరానికి మించిన స్టెరాయిడ్ వాడకం దానికి ప్రధాన కారణాలని వైద్యులు గుర్తించారు. నోటితో తాగగలిగినవారికి సెలైన్ అవసరం లేదు. మూడు వందలు పెట్టి సెలైన్ ఎక్కించుకోవడం కంటే మూడు గ్లాసుల గంజి మేలు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఇది శ్రద్ధగా వినండి, వీలైతే రాసుకోండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఒకసారి తగ్గి మళ్లీ పెరిగినా వైద్యుని చూడాలి. కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, నిమిషానికి 24కు మించి శ్వాసలు తీస్తున్నా, వేలికి పెట్టే ఆక్సిమీటరులో 94 కంటే తక్కువ చూపినా, ఛాతీలో నొప్పి ఉన్నా, తెమడలో రక్తం కనిపించినా, మాట తడబడి మనిషి మగతగా ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేయడానికి సంకోచించవద్దు.

డెంగ్యూలో మరొక మెలిక ఉంది. అందులో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగుతున్నప్పుడు మొదలవుతుంది. మూడవ రోజు నుంచి ఏడవ రోజు లోపల జ్వరం తగ్గిందని సంతోషిస్తున్న సమయంలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే అది అత్యవసరం. జలుబు, దగ్గు పెద్దగా లేకుండా తీవ్రమైన జ్వరం, కళ్ల వెనుక నొప్పి, కీళ్ల నొప్పులు ఉంటే రక్తపరీక్ష చేయించండి.

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. వైరస్ దగ్గు మూడు వారాలు ఉండవచ్చని ఇందాకే చెప్పాను కదా, మరి రెండు వారాలకే పరీక్ష ఎందుకని అడగవచ్చు. చాలామందికి ఏమీ తేలదు, నిజమే. కానీ తేలిన ఒక్కరికి ప్రాణం దక్కుతుంది, ఆ గదిలోని మిగతావారికి క్షయ సోకకుండా ఉంటుంది. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చికిత్సలో ఉన్నంత కాలం పోషకాహారం కోసం నెలకు ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. క్షయ అంటే పెళ్లి సంబంధాలు చెడిపోతాయని ఆడపిల్లల దగ్గును దాచే ఇళ్లు ఉన్నాయి. దాచిన జబ్బు ముదురుతుంది. చికిత్స పూర్తి చేసిన క్షయ నయమవుతుంది.

జలుబు చేసిన ప్రతిసారి పిల్లికూతలు వినిపిస్తే, రాత్రి తెల్లవారుజామున దగ్గు ఎక్కువైతే ఉబ్బసం ఉందేమో చూపించుకోవాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం నిరాధారం. బిళ్లలతో, సూదులతో పోలిస్తే చాలా తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరే మార్గం అది. కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కే ఇళ్లలో పుట్టిపెరిగిన పిల్లలు, సెలవుల్లో పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లే పిల్లలు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. రంపపు పొట్టు, కట్టెల పొగ శ్వాసనాళాలను ముందే ఎర్రబరిచి ఉంచుతాయి. దాని మీద వైరస్ పడితే దగ్గు వారాల తరబడి వదలదు. జ్వరం వచ్చి తగ్గిన వారం రోజులైనా ఆ పనికి దూరంగా ఉండండి. ఇక బీడీ, సిగరెట్ తాగే తమ్ముళ్లకు నేను వేరే చెప్పనవసరం లేదు. పొగాకు అమ్మిన డబ్బుతో బతుకుతున్న ప్రాంతం మనది. ఆకును వేలంకేంద్రం వరకు చేర్చండి, ఊపిరితిత్తుల వరకు వద్దు.

మసీదు, రోజా, మన బాధ్యత

తుమ్ము వచ్చినప్పుడు దైవప్రవక్త (స) చేతితోనో వస్త్రంతోనో ముఖం కప్పుకునేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఆ ఊరిలో ఉన్నవారు బయటికి పోవద్దని ఆయన చేసిన బోధ మనందరికీ తెలిసినదే. పచ్చి వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మసీదుకు రావద్దన్న బోధను ఉదహరిస్తూ, తోటివారికి ఇబ్బంది కలిగించే స్థితిలో ఉన్న రోగి ఇంట్లోనే నమాజు చేసుకోవడం సముచితమని పండితులు వివరిస్తారు. కాబట్టి జ్వరంతో, దగ్గుతో ఉన్న కుర్రవాడు జుమాకు రాకపోతే అతని విశ్వాసాన్ని శంకించవద్దు. ముసాఫహా చేయకుండా దూరం నుంచి సలాం చెబితే అహంకారం అనుకోవద్దు. వుజూ చేసే చోట అందరూ ఒకే తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం, ఇఫ్తారులో ఒకే గ్లాసు చేతులు మారడం మాన్పించండి. ఏ.ఎస్. పేట ఉరుసుకు, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వెళ్లేటప్పుడు దగ్గు ఉన్నవారు మాస్కు పెట్టుకోండి. మన చెల్లెళ్లకు ఒక మాట. నఖాబ్ మాస్కు కాదు. దాని అంచుల నుంచి గాలి స్వేచ్ఛగా వస్తుంది, పోతుంది. దాని లోపల మాస్కు పెట్టుకోండి, తడిసిన నఖాబును మార్చుకోండి.

రోజా విషయంలో దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన వెసులుబాటు స్పష్టం. రోగి ఆ రోజుల ఉపవాసాన్ని ఆరోగ్యం కుదుటపడిన తరువాత పూర్తి చేసుకోవచ్చు. 102 డిగ్రీల జ్వరంతో, నీళ్లు తాగకుండా, మరునాడు పరీక్ష రాయబోయే బిడ్డకు ఆ వెసులుబాటును గుర్తుచేయవలసింది తల్లిదండ్రులే. తోటి విద్యార్థులు హేళన చేస్తారని పిల్లలు నోరు విప్పరు. ఇన్‌హేలర్ వాడితే రోజా భంగమవుతుందా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మీరు నమ్మే ఆలిమును అడగండి. కానీ ఆయాసం వచ్చినప్పుడు ప్రాణం కాపాడుకోవడంలో భిన్నాభిప్రాయం లేదు.

పుకార్లు, నిందలు

జబ్బుకు మతం లేదు, ఊరు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు మన నెల్లూరులోనే 2020 మార్చి 12న నిర్ధారణ అయింది. ఇటలీ నుంచి తిరిగివచ్చిన ఒక విద్యార్థికి అది సోకింది. అతడు కోలుకొని ఇంటికి వెళ్లాడు. అతని జబ్బును ఎవరూ అతని కులానికో మతానికో అంటగట్టలేదు. అది న్యాయం. కానీ అదే నెల చివర ఢిల్లీ తబ్లీగీ సమావేశం వార్త వెలువడగానే ఆ న్యాయం మనకు దక్కలేదు. కూరగాయలు అమ్మే తోపుడుబండి మనిషి పేరు అడిగి మరీ కొన్న రోజులు అవి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని స్పష్టంగా నమోదు చేసింది. ఏ జబ్బుకూ ఒక దేశం పేరో, ఒక ప్రజాసమూహం పేరో పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ తీర్పును, ఈ మార్గదర్శకాలను హాస్టళ్లలో ఉండే మన పిల్లలు తెలుసుకొని ఉండాలి. దగ్గిన మనిషిని పేరు పెట్టి ఎవరైనా వేరు చేస్తే మర్యాదగా, ధైర్యంగా ఎదురు చెప్పగలగాలి. ఆ గదిలో దగ్గుతున్నది మరొక మతం పిల్లవాడైతే అతనికి గంజి కాచి ఇవ్వవలసినవారూ మన పిల్లలే.

మన మీద నిందలు పడినప్పుడు బాధపడిన మనమే పుకార్లను మోసేవారం కాకూడదు. 2021 మే నెలలో ఇదే జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది గుమిగూడారు. ప్రభుత్వం పంపిణీని ఆపి, పరిశీలన జరిపించి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. ఒక మందు హాని చేయదని తేలడం వేరు, అది జబ్బును నయం చేస్తుందని రుజువు కావడం వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మాస్కు లేకుండా ఆ క్యూలో నిలబడినవారు తమకు తామే ప్రమాదం తెచ్చుకున్నారు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి కషాయానికీ ఇదే ప్రశ్న వేయండి. హాని లేదా? అంతవరకేనా, లేక మేలు జరుగుతుందని ఎవరైనా పరీక్షించి చూశారా?

కాగితం, హాజరు, హక్కు

ఇప్పుడు మొదట వేసిన లెక్కకు వద్దాం. జ్వరం వచ్చిన మొదటి రోజే వార్డెనుకు, తరగతి అధ్యాపకునికి ఒక సందేశం పంపండి. తేదీ ఉన్న సందేశమే రేపు సాక్ష్యం. రెండవ రోజుకు తగ్గకపోతే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఓ.పి. చీటీ తీసుకోండి. పేదవారికి ఆ చీటీ వైద్యమూ, ఆధారమూ. కోలుకున్నాక నెల గడిచి వైద్యుని దగ్గరకు వెళ్లి పాత తేదీతో ధ్రువపత్రం ఇమ్మంటే నిజాయితీగల వైద్యుడు ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. చూపించుకున్న రోజే అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చేస్తే కలిగిరిలో, ఉదయగిరిలో, ఆత్మకూరులో చూపించుకున్న చీటీలను ఫోటో తీసి ఉంచుకోండి. మీ కళాశాల నిబంధనల పుస్తకంలో హాజరు మినహాయింపు గురించి ఏముందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చదవండి. ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పిలుస్తున్న పథకం వర్తిస్తుందేమో అక్కడి సహాయకుని అడగండి. జిల్లాలో పెద్దాసుపత్రి నెల్లూరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి.

హాస్టలులో జ్వరం వచ్చినవారికి వేరే గది, కాచిన నీళ్లు, వైద్యునికి చూపించే ఏర్పాటు కోరడం తప్పు కాదు. ఒక్కరు అడిగితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. పదిమంది సంతకాలతో వినయంగా రాసి ఇస్తే అది వినతిపత్రం అవుతుంది. ఏ మతం పిల్లలైనా కలిసి సంతకం చేయగల వినతిపత్రం అది.

తల్లిదండ్రులతో ఒక మాట చెప్పి ముగిస్తాను. హాస్టలు నుంచి ఫోన్ చేసిన బిడ్డ "ఏం లేదమ్మీ, బాగానే ఉన్నా" అంటే గొంతు వినండి. బొంగురుపోయిన గొంతుతో చెప్పిన ఆ మాటను నమ్మవద్దు. మందలించవద్దు కూడా. బస్సు చార్జీలు, మందుల ఖర్చు మీ మీద పడతాయని పిల్లలు దాచుతారు. ముఖ్యంగా ఆడపిల్లలకు మరొక భయం ఉంది. జ్వరమని చెబితే "చదివింది చాలు, ఇంటికి వచ్చేయ్" అంటారేమోనని దాచుతారు. మూడు రోజుల జ్వరానికి మూడేళ్ల చదువు మాన్పించిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆ నష్టం చేసింది జ్వరం కాదు. బిడ్డకు ధైర్యంగా చెప్పండి: జబ్బు చెప్పినందుకు చదువు ఆగదని.

మసీదు కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నది. ఒక ధర్మామీటరు, ఒక ఆక్సిమీటరు, కొన్ని ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కమిటీ దగ్గర ఉంచండి. మన ఊరి పిల్లలు ఏ ఊరిలో, ఏ హాస్టలులో ఉన్నారో, అక్కడ అవసరానికి వెళ్లగల మనిషి ఎవరో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఆ పుస్తకంలో ఊరి పిల్లలందరి పేర్లూ ఉండాలి, మన పిల్లల పేర్లే కాదు.

 అల్లాహ్ మీ పిల్లలకు ఆరోగ్యాన్ని, ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. వస్సలాం.